బెట్టా, బొబ్బరా కలిస్తే కూడిక లెక్క చెల్లదు

నల్లపాడు రోడ్డులోని మిర్చి యార్డుకు పంట కంటే ముందు పంట కబురు వస్తుంది. దసరా మొదలు సంక్రాంతి వరకు కమీషన్ వ్యాపారులు, ఎగుమతిదారుల మనుషులు, శీతల గిడ్డంగుల యజమానులు జట్లుగా బయలుదేరి సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, వినుకొండ, మార్కాపురం వైపు చేలు చూసి వస్తారు. సాయంత్రానికి యార్డులో మాట పాకుతుంది. "చేలు పచ్చగా వున్నాయి" అంటే బేరం చల్లబడుతుంది. "ముడత పడింది" అంటే గిడ్డంగి సరకుకు తాళం బిగుస్తుంది. వానలు ముఖం చాటేసిన సంవత్సరం ఈ రెండు మాటలూ ఒకే ఊరి చేలు చూసి వచ్చిన ఇద్దరి నోట వినబడటం కద్దు. ఇద్దరూ చూసినది చూసినట్టే చెబుతారు. పొరపాటల్లా ఆ చూసిన దాన్ని క్వింటాళ్ళలోకి మార్చే లెక్కలో వున్నది.

బజారులో సాధారణంగా వేసే లెక్క ఇలా వుంటుంది. బెట్ట వల్ల పావు వంతు పోయింది, వైరస్ తెగులు వల్ల మరో పావు వంతు పోయింది, కలిపి సగం. అంటే ఎకరానికి ఇరవై క్వింటాళ్ళు రావలసిన చోట పది వస్తాయని అంచనా కట్టి, దానిని బట్టి తేజీ మందీ నిర్ణయిస్తారు. ఇవి మాట వరసకు చెప్పిన అంకెలే గాని, లెక్క తీరు మాత్రం ఇదే. మూలిగే నక్కమీద తాటిపండు పడిందని సానుభూతి చూపేవారు కూడా ఈ కూడికనే చేస్తున్నారు. కాని మొక్క ఇలా కూడదు. నీటి ఎద్దడి, వైరస్ రెండూ ఒకే సమయంలో మీద పడినప్పుడు మొక్కలో జరిగేది ఆ రెండింటి మొత్తం కాదని గత ఇరవై ఏళ్ళ పరిశోధనలు స్పష్టంగా చెబుతున్నాయి. పదికి బదులు నాలుగే మిగలవచ్చును. ఒక్కొక్కప్పుడు పదమూడు మిగిలినా ఆశ్చర్యం లేదు. ఏది ముందు వచ్చింది, మొక్క ఏ వయసులో వుండగా వచ్చింది, ఎంత తీవ్రంగా వచ్చింది అనే మూడు ప్రశ్నలకు జవాబు తెలిస్తేనే అంచనాకు విలువ వుంటుంది. ఈ వాకబు లేకుండా సరకు బిగబట్టినా, తెగనమ్మినా అది వర్తకం కంటే సట్టాకే దగ్గర.

ముడతలన్నీ ఒకటి కావు

ముందుగా పేర్ల గందరగోళం తీరాలి. యార్డులో "ముడత" అనే ఒక్క మాట కింద నాలుగైదు వేర్వేరు వ్యవహారాలు చలామణి అవుతున్నాయి. తామర పురుగు రసం పీలిస్తే ఆకు అంచులు పైకి ముడుచుకుని దొన్నెలాగా అవుతాయి. దానిని రైతులు పై ముడత అంటారు. తెల్లనల్లి పడితే ఆకు కిందికి ముడుచుకుని, కాడ సాగి, తిరగేసిన పడవలాగా కనిపిస్తుంది. అది కింది ముడత. ఈ రెండూ పురుగు చేసిన నష్టాలు. మంచి వాన పడి, నీరు అంది, సకాలంలో తగిన మందు కొడితే పైరు కొత్త చిగురు వేసి తేరుకునే అవకాశం వుంది.

వైరస్ వల్ల వచ్చేవి వేరు. తెల్లదోమ మోసుకువచ్చే ఆకుముడత వైరస్‌ను మన రైతులు బొబ్బర అంటారు. ఆకులు చిన్నవై, ఈనెలు మందమై, బుడిపెలు కట్టి మొక్క గిడసబారిపోతుంది. పేనుబంక ద్వారా వచ్చే కుకుంబర్ మొజాయిక్ వైరస్ ఆకులను సన్నగా తాడులాగా మారుస్తుంది. తామర పురుగు ద్వారా వ్యాపించే మొవ్వుకుళ్ళు వైరస్ చిగురును మాడ్చివేస్తుంది. వీటిలో ఏది సోకినా ఆ మొక్కకు ఇక విడుదల లేదు. మందు కొట్టి మోసే పురుగును తగ్గించవచ్చును గాని మొక్కలో చేరిన వైరస్‌ను తీసివేసే మందు ఏ దుకాణంలోనూ లేదు. పేనుబంక విషయంలో పురుగును ఆపడం కూడా కష్టమే. అది ఆకుపై వాలి క్షణాలలో ముల్లు గుచ్చి వైరస్ అంటిస్తుంది, మందు పనిచేసి చచ్చేలోపు పని ముగించివేస్తుంది.

2021-22 సీజన్‌లో ఈ గందరగోళం ఎంత ఖరీదైనదో గుంటూరు చూసింది. ఆ సంవత్సరం ఆంధ్ర, తెలంగాణ మిరప చేలపై విరుచుకుపడినది కొత్తగా వచ్చిన నల్ల తామర పురుగు. 2015లో బెంగుళూరు ప్రాంతంలో బొప్పాయి మీద మన దేశంలో తొలిసారి గుర్తించిన జాతి ఇది. పూలలో చేరి గీకి రసం పీల్చి పూతనంతా రాల్చింది. పొలాల్లో చాలామంది దానిని కూడా వైరస్ అనే పిలిచారు. పురుగు నష్టమా, వైరస్ నష్టమా అనేది శాస్త్రజ్ఞుల తగవు, మనకెందుకు అనుకోరాదు. మొదటిది అయితే రెండో పూతపై ఆశ పెట్టుకోవచ్చును. రెండోది అయితే ఆ ఆశకు ఆధారం లేదు. గిడ్డంగిలో లక్ష టిక్కీలు వున్నవాడికి ఈ తేడా చిన్నది కాదు.

బెట్ట ఈ పురుగులన్నిటికీ అనుకూలించే మాట నిజం. వాన జల్లు తామర పురుగును కడిగివేస్తుంది. పొడి వాతావరణంలో తామర పురుగు, నల్లి, తెల్లదోమ త్వరత్వరగా తరాలు మార్చుకుంటాయి. అందుచేతనే బెట్ట సంవత్సరం వైరస్ తరచు వెంట వస్తుంది. కాని 2021 నవంబరులో మన రాష్ట్రంలో భారీ వర్షాలు పడినా నల్ల తామర పురుగు తగ్గలేదన్నది కూడా మరవరాదు. వాన పడింది కాబట్టి పురుగు పోయిందని సూత్రం కట్టుకున్నవారు ఆ సంవత్సరం మోసపోయారు.

మొక్క లోపల జరిగేది

మొక్కకు నీరు తగ్గితే మొదట వేళ్ళకు తెలుస్తుంది. అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరిగి, ఆకుల అడుగున వుండే శ్వాసరంధ్రాలు మూసుకుంటాయి. నీరు ఆవిరి కావడం తగ్గుతుంది. దానితోపాటు ఆహారం తయారీ కూడా తగ్గుతుంది. మిరపలో ఈ పొదుపుకు మొదటి బలి పూత. వారం పది రోజులు ఎండబెట్టిన చేనులో కాళ్ళ కింద రాలిన పూతను చూసిన వారందరికీ ఇది తెలిసిన సంగతే.

వైరస్ సోకితే మోగే గంట వేరు. సాలిసిలిక్ ఆమ్లం అనే మరో పదార్థం పెరిగి రక్షణ ఏర్పాట్లు మొదలవుతాయి. వైరస్ జన్యుపదార్థాన్ని ముక్కలు చేసే యంత్రాంగం కూడా మొక్కలో వున్నది. ఇక్కడే చిక్కు. కరువు గంట, జబ్బు గంట చాలా సందర్భాలలో ఒకదాని గొంతు ఒకటి నొక్కుతాయి. నీటి పొదుపులో మునిగిన మొక్క జబ్బు కాపలాను సడలిస్తుంది. జర్మనీలోని ఎర్లాంగెన్ శాస్త్రజ్ఞులు 2013లో ప్రకటించిన ప్రయోగాలలో ఒక చిన్న ఆవజాతి మొక్కకు ఎండ వేడి, నీటి ఎద్దడి, వైరస్ మూడూ ఒక్కసారి చూపించారు. మూడూ కలిసినప్పుడు మొక్కలో కనిపించిన మార్పులు విడివిడిగా చూపినప్పటి మార్పులను కూడితే వచ్చేవి కావు. వేడి, ఎద్దడి కలిసిన చోట వైరస్‌కు ఎదురునిలిచే ఏర్పాట్లు అణగిపోయి, మొక్క తెగులుకు మరింత లోబడింది. బజారు లెక్కలో పదికి బదులు నాలుగు మిగిలే దారి ఇది.

అయితే రెండో దారి కూడా వున్నది. అదే హార్మోను కణానికీ కణానికీ మధ్యనున్న సన్నని దారులను బిగించి వైరస్ ప్రాకడాన్ని నెమ్మదింపజేసే సందర్భాలూ వున్నాయి. లేత బెట్టకు అలవాటుపడిన మొక్క, ఆ పిమ్మట ఆలస్యంగా వచ్చిన తెగులును కొంతవరకు తట్టుకోవడం అసంభవం కాదు. కనుకనే తీవ్రత, వరుస అనేవి అంచనాకు ప్రాణం.

చావదు, కాయదు

వర్తకులు ప్రత్యేకంగా గమనించవలసిన పరిశోధన మరొకటి వున్నది. అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలోని నోబుల్ ఫౌండేషన్ శాస్త్రజ్ఞులు 2008లో ఒక వింత సంగతి ప్రకటించారు. వైరస్ సోకిన వరి, బీటు వంటి మొక్కలకూ, సోకని మొక్కలకూ ఒకేసారి నీరు ఆపితే, వైరస్ సోకినవే ఆలస్యంగా వాడినవి. జబ్బు మొక్కల్లో కణాలను ఎండ దెబ్బనుంచి కాపాడే చక్కెరలు, ఇతర పదార్థాలు ముందుగానే పోగుపడి వున్నాయని తేలింది. కేంబ్రిడ్జి పరిశోధకులు 2013లో కుకుంబర్ మొజాయిక్ వైరస్‌లోని ఒక ప్రొటీనుకు ఇందులో పాత్ర వున్నదని చూపించారు. మిరపకు దగ్గర చుట్టమైన టమాటాలో, తెల్లదోమ మోసే ఆకుముడత వైరస్ విషయంలోనూ ఇటువంటి ఫలితాలే వచ్చాయి. వైరస్ తాను బతకడానికి ఇల్లు కాపాడుకుంటున్నదని అర్థం చెప్పుకోవచ్చును. దానికి తోడు గిడసబారిన మొక్కకు ఆకు విస్తీర్ణం తక్కువ, తాగే నీరు కూడా తక్కువ.

ఈ సంగతిని నల్లపాడు నుంచి వినుకొండ పోయే దారిలో కారు కిటికీలోంచి చేలు చూసే వ్యాపారికి అన్వయిస్తే ఏమవుతుంది? పక్కపక్కనే రెండు చేలు. ఒకటి ఆరోగ్యంగా పెరిగి, నిండా పూత పట్టి, నీరందక మధ్యాహ్నానికి తలవాల్చింది. రెండోది బొబ్బర సోకి, మోకాలెత్తున ఆగిపోయి, ముదురు ఆకుపచ్చగా నిటారుగా నిలబడి వున్నది. మొదటి చేను పోయిందనీ, రెండోది నిలిచిందనీ ఆయన యార్డులో చెబుతాడు. ఆ రాత్రి ఒక మంచి వాన పడితే, లేదా సాగర్ కుడి కాలువకు ఒక తడి నీరు వదిలితే, తలవాల్చిన చేను లేచి మరో పూత తెస్తుంది. నిటారుగా నిలిచిన చేను ఫిబ్రవరి దాకా అలాగే పచ్చగా నిలిచి, ఎకరానికి ఆశించిన దానిలో కొద్దిపాటి కూడా ఇవ్వకపోవచ్చును. ఇచ్చిన కాయ కూడా పొట్టిగా, వంకరగా, రంగు తక్కువగా వుండి తాలు కిందికి పోతుంది. మొక్క చావలేదు, అంతమాత్రాన కాస్తుందని కాదు. వాడిన చేనును బట్టి ధర పెంచి, పచ్చని చేనును బట్టి ధర దించే అలవాటు బెట్ట సంవత్సరంలో తలకిందులవుతుందని చెప్పక తప్పదు.

అనంతపురం నేర్పిన పాఠం

ఈ జంట దెబ్బకు మన రాష్ట్రంలో నమోదైన పెద్ద ఉదాహరణ మిరపది కాదు, వేరుశనగది. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో వేరుశనగ చిగుళ్ళు, కాడలు మాడి మొక్కలు చచ్చిపోసాగాయి. మొదట్లో దానిని పాత మొవ్వుకుళ్ళు తెగులే అనుకున్నారు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు పరీక్షించి, అది టుబాకో స్ట్రీక్ వైరస్ అని తేల్చారు. సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లలో పంట దెబ్బతిన్నదనీ, నష్టం 300 కోట్ల రూపాయలకు మించినదనీ అంచనా. అంతకు మూడేళ్ళ ముందు, 1997లో, ఇదే తరహా తెగులు సరిహద్దుకు అవతల కర్ణాటకలో బాగేపల్లి వద్ద పొద్దుతిరుగుడులో కనిపించింది. నూనెగింజల వర్తకులు దానిని పక్క రాష్ట్రపు వార్తగా చదివి వదిలివేశారు.

ఆ వైరస్ వ్యాపించే తీరులోనే వానకూ బెట్టకూ వున్న వరుస బయటపడుతుంది. దానికి నిలయం గట్లమీద, బీళ్ళలో పెరిగే వయ్యారిభామ కలుపు. ఆ మొక్కకు జబ్బు లక్షణాలేమీ కనబడవు, పుప్పొడిలో మాత్రం వైరస్ వుంటుంది. తొలకరి బాగా పడితే వయ్యారిభామ విరివిగా మొలిచి పూస్తుంది. వెంటనే వాన తెరిపి ఇచ్చి బెట్ట పడితే తామర పురుగులు పెరుగుతాయి. పుప్పొడిని ఒంటికి అంటించుకుని లేత వేరుశనగ ఆకులను గీకుతాయి. ఆ గాట్ల గుండా వైరస్ లోపలికి పోతుంది. వేరుశనగ నుంచి వేరుశనగకు అది పెద్దగా పాకదు కనుక, జబ్బు మొక్కలను పీకినందువల్ల ప్రయోజనం స్వల్పం. గట్టుమీది కలుపు పీకాలి.

వాన మొత్తం సగటుకు దగ్గరగా వున్నదని సంతోషించే వర్తకులకు ఇందులో హెచ్చరిక వున్నది. నెల మొత్తం మిల్లీమీటర్లు ఒక్కటే అయినా, ముందు పడి తరువాత ఆగిన వానకు ఒక ఫలితం, ముందు ఆగి తరువాత పడిన వానకు మరో ఫలితం. ఉత్తర చూసి ఎత్తర గంప అన్న పెద్దలు కార్తెలను విడదీసి చూశారే గాని, ఏడాది సగటుతో సరిపెట్టుకోలేదు.

అప్పు ఎటు పోతున్నది

మిర్చి వర్తకుడికి పంటతో వున్న సంబంధం కొనుగోలుతో మొదలు కాదు. కమీషన్ కొట్లు రైతుకు పెట్టుబడి అప్పు ఇచ్చి, సరకు తమ కొట్టుకే తెచ్చుకునే ఆచారం గుంటూరులో పాతదే. అందుచేత చేనులో తెగులు పడితే ఆ దెబ్బ కొట్టులోని ఖాతా పుస్తకానికీ తగులుతుంది. రైతు నవంబరులో మళ్ళీ వచ్చి మరో యాభై వేలు అడిగితే, ఆ డబ్బు నీటికా, మందుకా అని అడిగే కొట్లు ఎన్ని?

ఇక్కడ 1980ల నాటి పత్తి గుర్తుకు రావాలి. గుంటూరు, ప్రకాశం నల్లరేగడి భూముల్లో అప్పుడు పత్తి రాజ్యమేలుతున్నది. కొత్తగా వచ్చిన సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను రైతులు విచ్చలవిడిగా వాడారు. కాయతొలుచు పురుగు మాట ఎలా వున్నా, తెల్లదోమను అదుపులో పెట్టే మిత్ర పురుగులు నశించాయి. 1985 ప్రాంతం నుంచి తెల్లదోమ ఉప్పెనలాగా వచ్చింది. అది విసర్జించే తేనెబంక మీద మసి బూజు పట్టి దూది నల్లబడి, జిగట సరకు జిన్నింగు మిల్లులలో ఇబ్బంది పెట్టింది. 1987 దేశమంతటా కరువు సంవత్సరం. ఆ సీజన్‌లో పత్తి పోయి, మందుల అప్పు మిగిలి, ఈ రెండు జిల్లాలలో పలువురు పత్తి రైతులు ఆత్మహత్య చేసుకున్నారు. మన ప్రాంతంలో ఆనాటి తెల్లదోమ నష్టం ప్రధానంగా రసం పీల్చినందువల్ల కలిగినదే. అదే తెల్లదోమ ఆకుముడత వైరస్‌ను మోసిన చోట ఏమైనదో పాకిస్తాన్ చూసింది. 1991-92లో దాదాపు 128 లక్షల బేళ్ళున్న ఆ దేశపు పత్తి దిగుబడి మరుసటి సంవత్సరం సుమారు 90 లక్షలకు, ఆ పై సంవత్సరం 80 లక్షలకు పడిపోయింది. 1992లో వరదలు కూడా వచ్చిన మాట నిజమేగాని, వరద తీసిన తరువాత కూడా పంట కోలుకోకపోవడానికి వైరసే ముఖ్య కారణం.

ఈ అనుభవం నుంచి తేలేది ఒక్కటే. బొబ్బర సోకిన చేనుకు, అందునా నీరందని చేనుకు, నాలుగు రకాల మందులు కలిపి కొట్టడానికి ఇచ్చే అప్పు తిరిగి వచ్చే అప్పు కాదు. ఆ అప్పు రైతును ముంచుతుంది, ఇచ్చిన కొట్టునూ ముంచుతుంది. పొలం కౌలుకు తీసుకుని, కౌలు ముందే చెల్లించిన రైతు విషయంలో ఇది మరీ ప్రమాదం. అతనికి ఆ చేను పోతే వెనక భూమి లేదు, కొట్టుకు వెనక హామీ లేదు. అదే డబ్బు జూలైలో నారుమడికి వల కట్టుకోవడానికి, గట్టు చుట్టూ రెండు సాళ్ళు జొన్న గానీ మొక్కజొన్న గానీ వేసుకోవడానికి, నవంబరులో ఒక తడి నీటికి ఇచ్చివుంటే ఫలితం వేరుగా వుంటుంది. మందు అమ్మకంలో వచ్చే లాభం చూసుకునే కొట్లకు ఈ మాట రుచించకపోవచ్చును. అయినా ఖాతాలో వసూలు కాని మొత్తం ముందు ఆ లాభం ఏపాటిదో వారే లెక్కచూసుకోవాలి.

గిడ్డంగి వాదం

దీనికి యార్డులో వినవచ్చే జవాబు ఒకటున్నది. "పంట అంచనా తప్పితే తప్పనీ, గిడ్డంగుల్లో నిలవలున్నాయి. అవే హెచ్చుతగ్గులు సర్దుతాయి" అని. ఈ వాదంలో కొంత నిజం లేకపోలేదు. గుంటూరు చుట్టుపక్కల శీతల గిడ్డంగులు ఇన్ని లేని రోజులలో వచ్చినంత ఆటుపోటు ఇప్పుడు ఒక్క వారంలో రాదు. కాని నిలవ సరకు కొత్త సరకుకు పూర్తి ప్రత్యామ్నాయం కాదు. సంవత్సరం దాటిన కాయ రంగు తగ్గుతుంది. ఎగుమతి బేరానికి రంగు, ఘాటు రెండూ కావాలి. బెట్ట, వైరస్ కలిసిన సంవత్సరం కొత్త పంటలో తాలు వాటా పెరిగితే, మేలు రకానికీ తాలుకూ మధ్య ధర వ్యత్యాసం విపరీతంగా సాగుతుంది. మొత్తం టిక్కీల సంఖ్య చూసి నిశ్చింతగా వున్న వ్యాపారికి మేలు సరకు దొరకక ఒప్పందం నెరవేర్చడం కష్టమవుతుంది.

తెగులు వదంతిని నమ్మి సరకు బిగబట్టినవారు నష్టపోయిన సందర్భాలు కూడా తక్కువ కాదు. 2022, 2023 సంవత్సరాలలో గుంటూరులో మేలు రకాలు క్వింటాలు 20,000 రూపాయలు దాటాయి. 2023లో ఆగస్టు నెల దేశం మొత్తం మీద 1901 తరువాత అత్యంత పొడి ఆగస్టుగా నమోదయింది. కృష్ణ పరీవాహక ప్రాంతంలో వానలు లేక నాగార్జునసాగర్‌కు నీరు రాలేదు. డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల వద్ద తీరం దాటింది. ఇన్ని కష్టాలను ఒకదానిపై ఒకటి పేర్చి కూడినవారికి ధర ఇక దిగదనే అనిపించింది. కాని 2025 ఫిబ్రవరి నాటికి ధర ఎంత దిగిందంటే, కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించి, 2 లక్షల 91 వేల టన్నుల మేరకు ఆదుకోవడానికి అంగీకరించవలసి వచ్చింది. కష్టాలను కూడే లెక్క రైతును మాత్రమే గాక, అధిక ధరకు నిలవ చేసిన వర్తకుడిని కూడా ముంచింది.

చూడవలసినవి

అయితే చేయవలసినదేమిటి? చేలు చూడటానికి వెళ్ళేవారు ఇకమీదట కారు దిగి, గట్టు దాటి, అయిదు సంగతులు చూసి రావాలి.

ఒకటి, తెగులు సోకిన వయసు. నాటిన నెలలోపు, పూతకు ముందే బొబ్బర సోకిన మొక్క మీద ఆశ వదులుకోవడమే మేలు. మొదటి కోత దగ్గరపడ్డాక సోకితే అప్పటికే కట్టిన కాయ చాలావరకు దక్కుతుంది, పై కాపు మాత్రం తగ్గుతుంది.

రెండు, వరుస. నాట్ల నాటి నుంచి వాన రోజులు, తెరిపి రోజులు రైతునడిగి రాసుకోవాలి. బెట్ట ముందు, తెగులు తరువాతా? తెగులు ముందు, బెట్ట తరువాతా? నాటిన కొత్తలోనే బెట్ట, పురుగు, వైరస్ మూడూ కలిసిన మండలాలను విడిగా గుర్తించాలి.

మూడు, ఆకుపచ్చదనానికి బదులు కాయ కట్టు. చేను నాలుగు మూలలా, మధ్యలో కలిపి పాతిక మొక్కలు ఎంచి, ఒక్కొక్క మొక్కకు కట్టిన కాయలు లెక్కించాలి. అరగంట పని ఇది. ఎకరాల విస్తీర్ణం గురించి యార్డులో గంటలకొద్దీ చేసే చర్చ కంటే ఇది విలువైనది.

నాలుగు, పునరుద్ధరణ. వాడిన చేనుకు నీరు వచ్చే మార్గమున్నదా? సాగర్ కాలువ కింద వున్నదా, బోరు కింద వున్నదా, కేవలం వానాధారమా? నీరందితే బెట్ట చేను లేస్తుంది. బొబ్బర చేనుకు నీరు పెట్టినా పోయిన కాపు తిరిగి రాదు.

అయిదు, మొదటి కోత సరకులో తాలు వాటా, టిక్కీ తూకం. కల్లం మీద ఆరబోసిన కాయను చేత్తో పట్టి చూస్తే వంకర, పొట్టి కాయల నిష్పత్తి తెలిసిపోతుంది. జనవరిలో తెలిసిన ఈ నిష్పత్తి మార్చి ధరకు మంచి సూచిక.

ఈ పని వ్యక్తులకు వదిలిపెట్టదగినది కూడా కాదు. గుంటూరు మార్కెట్ కమిటీ ప్రతిరోజూ రాబడి, ధరవరలు ప్రకటిస్తున్నది. పంట కాలంలో లాం పరిశోధనా కేంద్రం, ఉద్యానశాఖల సాయంతో మండలాలవారీగా వారానికొక చేల నివేదిక ప్రకటించడం దానికి అసాధ్యమైన పని కాదు. వాన రోజులు, తెరిపి రోజులు, పురుగు ఉధృతి, వైరస్ శాతం ఒకే పట్టికలో పక్కపక్కన ఇవ్వాలి. వైరస్, బెట్ట వేర్వేరు శాఖల వేర్వేరు కాగితాలలో వుండిపోయినంతకాలం వాటిని కలిపి చూసే బాధ్యత ఎవరిదీ కాకుండా పోతుంది, ఆ ఖాళీలో వదంతి రాజ్యం చేస్తుంది. అటువంటి నివేదిక పెద్ద వ్యాపారికీ చిన్న దళారికీ ఒకే రోజున అందితే, వారిద్దరికంటే ఎక్కువ మేలు పొందేది సరకు తెచ్చే రైతు.

విత్తనం మాట కూడా వర్తకులు పట్టించుకోదగినదే. బెంగుళూరులోని భారత ఉద్యాన పరిశోధనా సంస్థ ఆకుముడత వైరస్‌ను తట్టుకునే సంకర మిరప రకాలు విడుదల చేసింది. ఇటువంటి రకాల కాయ రంగు, ఘాటు, తొక్క మందం తమ బేరానికి సరిపోతాయో లేదో ఎగుమతిదారులే ముందుగా పరీక్షించి చెప్పాలి. యార్డులో పాట పలకదనే భయంతోనే రైతు తెగులును తట్టుకునే రకం వదిలి, తట్టుకోలేని పాత రకాన్ని పట్టుకుని వున్నాడంటే అందులో వర్తకుల బాధ్యత కూడా వుంటుంది. మినుములో లాం కేంద్రం ఇచ్చిన 752 రకాన్ని వర్తకులు, రైతులు ఎంతగానో మెచ్చుకున్నారు. పల్లాకు తెగులు పెరిగిన పిమ్మట దానిని తట్టుకునే 787 వైపు మళ్ళవలసి వచ్చింది. మిరపలో అటువంటి మార్పు నష్టం జరిగాక గాక ముందే జరిగితే అందరికీ క్షేమం.

వానలు మన చేతిలో లేవు. వైరస్‌కు మందు లేదు. కాని వచ్చే దసరాకు చేలు చూడబోయే జట్లు "పచ్చగా వుంది", "ముడత పడింది" అనే రెండు మాటలతో తిరిగిరాకుండా, ఏ వయసులో, ఏ వరుసలో, మొక్కకు ఎన్ని కాయలు అనే అంకెలతో తిరిగివస్తే, యార్డులో ధరకు కొంత ఆధారం ఏర్పడుతుంది. కొట్టు ఇచ్చే అప్పు కూడా మందు డబ్బాకు పోవాలా, తడి నీటికి పోవాలా అన్నది అప్పుడే తేలుతుంది. వర్తక సంఘాలు ఈ సంగతిని సీజన్ మొదలు కాకముందే ఆలోచించడం మంచిది.